అటకెక్కిన కెమేరా

ఇంగ్లండులో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో ఒక వస్తువు తరచూ కనిపిస్తుంది. మెట్ల కింద అరలోనో, అటక మీద పాత సూట్‌కేసుల పక్కనో ఒక నల్లసంచీ. అందులో మంచి కెమేరా, రెండు మూడు లెన్సులు, ఎప్పుడో ఛార్జి అయిపోయిన బ్యాటరీ. కొన్న కొత్తలో ఆ కెమేరా వేల్సు కొండలెక్కింది, సముద్రపు ఒడ్డున ఇసుక తిన్నది, పసిపాప బోర్లాపడితే యాభై ఫొటోలు తీసింది. తరవాత తీయడం తగ్గింది. ఆపైన ఆగిపోయింది. ఎందుకని అడిగి చూడండి. "టైమెక్కడుందండీ?" అంటారు. "ఇప్పుడంతా ఫోనే కదా" అంటారు. మరీ అడిగితే, "ఈ ఊళ్లో తీయడానికి ఏముంది, ఎప్పుడు చూసినా మబ్బే" అంటారు.

మూడు జవాబుల్లోనూ కొంత నిజం ఉంది. కాని ఒకప్పుడు కూడా మనకి తీరిక లేదు, మబ్బూ అప్పుడూ ఉంది. పోయింది తీయాలన్న కోరిక. అది పోయాక పరికరం ఎంత మంచిదైతే మాత్రం ఏం లాభం? ఇంజనీరింగు చదివి, సాఫ్ట్‌వేరులో బతుకుతున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన పద్ధతిలోనే ఈ విషయాన్ని చూస్తాను: ఆగిపోయిన యంత్రాన్ని విప్పి, ఏ భాగం దగ్గర ఆగిందో కనుక్కుని, మళ్లీ తిప్పడం. దీనికి చక్కని ఉదాహరణ మా స్విండన్‌కి దగ్గరలోనే దొరికింది.

కనిపెట్టినవాడే పక్కన పెట్టాడు

స్విండన్ నుంచి నైరుతి దిక్కుగా, చిప్పెనమ్ దాటి కాస్త దూరం వెళితే లేకాక్ అనే పల్లె వస్తుంది. అక్కడున్న పాత మఠం, లేకాక్ అబ్బీ, 1944 నుంచి నేషనల్ ట్రస్టు చేతిలో ఉంది. హ్యారీ పాటర్ సినిమా దృశ్యాలు కొన్ని అక్కడ తీశారని పిల్లలు మనల్ని లాక్కుపోతారు. వెళ్లినవాళ్లు దక్షిణపు గ్యాలరీలో ఉన్న ఒక కిటికీ ముందు రెండు నిమిషాలు నిలబడి రావాలి. 1835 ఆగస్టులో ఆ ఇంటి యజమాని విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ ఒక చిన్న చెక్కపెట్టెతో ఆ కిటికీ బొమ్మని కాగితం మీద పట్టాడు. ఇప్పటికి మిగిలివున్న కెమేరా నెగెటివుల్లో అదే అతి పాతది. చూస్తే ఇంచుమించు తపాలాబిళ్లంత. ఆ చెక్కపెట్టెలు ఇంటి చుట్టూ పెట్టి ఉంటే, ఆయన భార్య కాన్‌స్టన్స్ వాటిని ఎలుకల బోనులని వేళాకోళం చేసేది.

టాల్బట్ ఈ పనికి దిగింది బొమ్మలు బాగా వేయగలిగి కాదు, వేయలేక. 1833 అక్టోబరులో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున కూర్చుని, గాజుపట్టకం సాయంతో దృశ్యాన్ని కాగితం మీద చూపించే కెమేరా లూసిడా అనే పరికరంతో బొమ్మ గీయబోయాడు. పట్టకంలోంచి చూసినంతసేపూ అద్భుతం, కన్ను తీసి చూస్తే కాగితం మీద పిచ్చిగీతలు. ప్రకృతే తన బొమ్మని తాను వేసుకుంటే ఎంత బాగుంటుంది అన్న ఆలోచన ఆ నిరాశలోంచి పుట్టింది.

మన విషయానికి పనికివచ్చే భాగం ఆ తరవాత కథ. అంతటి వస్తువు చేతికి చిక్కాక ఆయన ఏం చేశాడు? పక్కన పెట్టేశాడు! గణితంలో, కాంతిశాస్త్రంలో పడిపోయాడు. 1838లో గణితానికి రాయల్ సొసైటీ పతకం కూడా తెచ్చుకున్నాడు. ఫొటోల సంగతి లోకానికి చెప్పనే లేదు. 1839 జనవరిలో పారిస్ నుంచి కబురు వచ్చింది: డగేర్ అనే ఆయన వెలుతురుతో బొమ్మలు పట్టే విద్య కనిపెట్టాడని. టాల్బట్ ఉలిక్కిపడి లేచాడు. ఆ జనవరి 25న, లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో తన బొమ్మలు చూపించాడు. స్నేహితుడైన జాన్ హెర్షెల్ అదే నెలలో, బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టడానికి హైపో అనే రసాయనం వాడవచ్చని తేల్చాడు. 1840 సెప్టెంబరుకల్లా టాల్బట్ మరో మెట్టు ఎక్కాడు. కంటికి కనపడకుండా కాగితంలో దాగిన బొమ్మని రసాయనంతో పైకి తేవచ్చని గ్రహించాడు. దాంతో గంటల్లో పట్టే పని నిమిషాల్లోకి వచ్చింది.

అంటే ఫొటోగ్రఫీకి పునాది వేసినవాళ్లలో ఒకడు కూడా కొన్నేళ్లు దాన్ని అటకెక్కించాడన్నమాట. మళ్లీ దించింది ఏమిటి? కొత్త పరికరం కాదు, దూరప్రయాణం కాదు. ఇంకొకరు ఇదే పని చేస్తున్నారన్న కబురు, మాట్లాడుకోవడానికి ఒక స్నేహితుడు, చూపించడానికి ఒక సభ. ఈ మూడూ బయటినుంచే వచ్చాయి. కోరిక దానంతటది లోపలినుంచి ఊరుతుందని కూర్చుంటే ఆయనకీ ఊరేది కాదేమో!

కోరిక ఎక్కడ ఆగిపోతుంది

ఇప్పుడు యంత్రం విప్పుదాం. నాకు మూడు చోట్ల తుప్పు కనిపిస్తుంది.

మొదటిది కన్ను. 1804లో ట్రాక్స్‌లర్ అనే స్విస్ వైద్యుడు ఒక చిత్రమైన సంగతి గమనించాడు. ఒకే బిందువు మీద చూపు కదలకుండా నిలిపితే, అంచుల్లో ఉన్న మసక వస్తువులు కాసేపటికి మాయమైపోతాయి. అవి అక్కడే ఉంటాయి. మారనిదాన్ని పట్టించుకోవడం మన చూపు మానేస్తుంది, అంతే. ఊరి విషయంలోనూ అలాగే జరుగుతుందనుకుంటాను. దిగిన మొదటివారం ఎర్ర పోస్టుడబ్బా, పాలసీసాలు, ఒకదానికొకటి అంటుకున్న ఇళ్ల వరస, అన్నీ ఫొటోలే. పదేళ్లయ్యాక ఆ డబ్బా ముందు నుంచే నడుస్తాం, కనపడదు.

రెండోది లెక్కలేనితనం. 35 మిల్లీమీటర్ల ఫిల్ము చుట్టకి 36 ఫొటోలు. పెళ్లికి రెండు చుట్టలు కొంటే ఇంట్లో పెద్దవాళ్లు ధర అడిగేవాళ్లు. అందుకని నొక్కేముందు చూసేవాళ్లం. ఇప్పుడు ఫోనులో వేలకి వేలు. తీయడం తేలికైంది, చూడడం బరువైంది. ఇది ఫోనులతో వచ్చిన జబ్బు కూడా కాదు. అమెరికాలో వీధి జీవితాన్ని తీసిన గొప్ప ఫొటోగ్రాఫరు గ్యారీ వినోగ్రాండ్ 1984లో చనిపోయినప్పుడు, కనీసం కడగని ఫిల్ము చుట్టలే 2,500 దాకా మిగిలిపోయాయి. చుట్టకి 36 చొప్పున దాదాపు 90,000 ఫొటోలు, తీసినవాడు ఒక్కసారైనా చూడనివి. అంతటివాడికే అలా జరిగిందంటే, మన ఫోనులో పేరుకున్న గుట్టని చూసి మనకి నీరసం రావడంలో వింతేముంది?

మూడోది మెప్పు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు అమెరికాలో ఒక శిశువిద్యాలయంలో చేసిన ప్రయోగం ప్రసిద్ధం. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పలేదు. ఆ తరవాత, బహుమతి ఆశ చూపించిన పిల్లలు తమంతట తాము బొమ్మలు వేసే సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. ఆటగా ఉన్నది పనిగా మారిందన్నమాట. ఫొటో పెట్టి ఎంతమంది మెచ్చుకున్నారో లెక్కపెట్టుకునే మనం ఆ పిల్లలకంటే పెద్దవాళ్లమా అని ఆలోచించుకోవాలి. మెప్పు తగ్గిన రోజున కెమేరా కూడా బరువెక్కుతుంది.

వెలుతురు లేదన్న మాట

మబ్బు సంగతి ఇక్కడే తేల్చేద్దాం. ఇది అభిరుచి మీద వదిలేసే విషయం కాదు, లెక్క వేసి చూడవచ్చు.

స్విండన్ ఉన్నది 51.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఇక్కడ 15 డిగ్రీల ఎత్తుకి మించి ఎక్కడు. అదే రోజున హైదరాబాదులో మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. హైదరాబాదులో 15 డిగ్రీల ఎండ కావాలంటే పొద్దు పొడిచాక గంటకి కాస్త అటూఇటూగా చూసుకోవాలి. ఏటవాలుగా పడి, గోడ గరుకుని, మొహంలో ముడతని పైకి తెచ్చే ఆ వెలుతురు కోసమే అక్కడ ఫొటోగ్రాఫర్లు తెల్లవారుజామున లేస్తారు. ఇక్కడ చలికాలంలో ఎండ కాసినంతసేపూ ఉండేది ఆ వెలుతురే. పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు నిజమే, కాని ఉన్నదంతా బంగారమే.

మరి ఎండ లేనప్పుడు? మన ఊరి స్టూడియోల్లో దీపానికి తెల్లగొడుగు ఎందుకు కట్టేవారో గుర్తు తెచ్చుకోండి. వెలుతురుని పరిచి, మొహం మీద గట్టి నీడలు పడకుండా చేయడానికి. ఇక్కడ ఆ గొడుగుని ఆకాశమే పట్టుకుంటుంది. మబ్బు పట్టిన రోజు మనుషుల్ని తీయడానికి మంచిరోజు. కిటికీ పక్కన కుర్చీ వేసి, ఇంట్లో లైట్లు ఆర్పి, కూర్చున్నవాళ్లని కాస్త కిటికీవైపు తిరగమంటే చాలు.

హద్దు గీసుకుంటేనే దారి

చెకోస్లొవేకియా ఫొటోగ్రాఫరు యోసెఫ్ సుడెక్ మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్నాడు. రెండో యుద్ధంలో నాజీలు ప్రాగ్ నగరాన్ని ఆక్రమించినప్పుడు వీధుల్లో కెమేరా పట్టుకు తిరగడం కష్టమైంది. 1940లో ఆయన తన స్టూడియో కిటికీనే తీయడం మొదలుపెట్టి, 1954 దాకా తీశాడు. అదే అద్దం, బయట అదే వంకర చెట్టు. అద్దం మీద ఒకరోజు మంచు, ఒకరోజు చినుకులు. ప్రపంచం ఆయన్ని తలుచుకునేది ముఖ్యంగా ఆ ఫొటోలతోనే. హద్దు ఆయన మీద వచ్చిపడింది. మనం కావాలని గీసుకోవచ్చు.

తీరిక లేదనేవారికి మా ఊరి మనిషి ఒకాయన జవాబు చెబుతాడు. ఆల్‌ఫ్రెడ్ విలియమ్స్ స్విండన్ రైల్వే కర్మాగారంలో, కొలిమి దగ్గర సమ్మెట పని చేసిన కార్మికుడు. ఆ నిప్పుల మధ్య గ్రీకు అక్షరాలు సుద్దతో రాసుకుని నేర్చుకున్నాడు. 1914లో ఆరోగ్యం చెడి పని మానేశాడు. కవిత్వం రాశాడు, కర్మాగారపు జీవితం మీద పుస్తకం రాశాడు, చివరికి సంస్కృతం నేర్చి మన పంచతంత్ర కథల్ని ఇంగ్లీషు చేశాడు. ఆయనకి దొరికిందీ ముక్కలుముక్కలైన తీరికే. సుద్దముక్క చేతికందేటట్టు పెట్టుకున్నాడు, అంతే తేడా.

ఈ పాఠాలన్నీ కలిపి నేను పాటించే పద్ధతి ఇది. నెలకి 36 ఫొటోలు, అంతకు మించి ఒక్కటి కూడా కాదు. ఒకే లెన్సు, అది కూడా జూమ్ లేనిది. దగ్గరికి కావాలంటే కాళ్లతో నడవాలి, నడిస్తే మనిషి పలకరిస్తాడు. ఇంటినుంచి ఒక మైలులోపలే తీయాలి. కెమేరా సంచీలో కాదు, తాళంచెవుల పక్కన ఉండాలి. తీసినవాటిని రెండు వారాలు చూడకూడదు. తీసిన రోజున మన కంటికి కనిపించేది ఆనాటి సంబరం, రెండు వారాలాగితే ఫొటో కనిపిస్తుంది. ఆ 36లో నాలుగు ఎంచి కాగితం మీద అచ్చు వేయించాలి. వెనక పేరు, చోటు, తేదీ రాయాలి. ఆ నాలుగూ ఒక్క మనిషికి, ఎవరో ముందే అనుకున్న ఒక్క మనిషికి పంపాలి.

ఏ నియమం ఏ తుప్పుకి మందో చూడండి. మైలు హద్దు కంటిని మేలుకొలుపుతుంది. 36 లెక్క గుట్టని కరిగిస్తుంది. ఒక్క మనిషికి పంపడం మెప్పుల లెక్కని కొట్టేస్తుంది. మొదటినెల ఉత్సాహం ఏమీ ఉండదు, ఉండాలని ఎదురుచూడవద్దు. బావిలో నీరు ఊరాక తోడదామనుకుంటాం గాని, తోడుతుంటేనే ఊట తెరుచుకుంటుంది. రెండోనెల చివర్లో, రౌండబౌటు దగ్గర సిగ్నలుకోసం ఆగినప్పుడు, ఎదుటి గోడమీద ఎండని చూసి చెయ్యి కెమేరాకోసం వెతుకుతుంది. అదే ఊట.

ఎవరికోసం తీస్తున్నాం

ఆ ఒక్క మనిషి మాటే అన్నిటికంటే ముఖ్యం. తెనాలిలో ఉన్న మా అమ్మకి ఏటా సంక్రాంతికి ఫొటోలు పంపుతుంటాను. ఒక ఏడు స్టోన్‌హెంజ్ రాళ్లు, బాత్ ఊళ్లో రోమన్ల స్నానవాటికలు పంపాను. ఫోనులో ఆవిడ అన్నమాట ఇది: "రాళ్లు బానే ఉన్నాయి గాని నాన్నా, మీ వంటిల్లు ఏ దిక్కున ఉందిరా? పొద్దుటి ఎండ పడుతుందా? కోడలు పోపులపెట్టె ఎక్కడ పెట్టుకుందో అది పంపించు." ఆ నెల 36 ఫొటోలూ వంటింట్లోనే అయిపోయాయి. స్టీలు డబ్బాల మీద పడ్డ ఏటవాలు ఎండ, అద్దం మీద అన్నం ఆవిరి, కిటికీ గట్టుమీద కుండీలో బతకనా మాననా అంటున్న కరివేపాకు మొక్క. నేను తీసినవాటిలో మా అమ్మ దిండు కింద పెట్టుకున్నవి అవే.

టాల్బట్ కూడా ఇదే చేశాడని తరవాత గమనించాను. ఆయన 1844 నుంచి 1846 వరకు భాగాలుగా అచ్చువేసిన ఫొటోల పుస్తకం తిరగేస్తే ఉన్నవేమిటి? అలమరలో పింగాణీ సామాను, గాజుగ్లాసులు, పుస్తకాల వరస, గడ్డివాము, నిచ్చెన. వాటిలో పేరుమోసినది, తెరిచిన తలుపుకి ఆనించిన చీపురు. ఆ చీపురుని 1841లోనే తీశాడు, తృప్తి కలగక మళ్లీమళ్లీ తీసి, 1844లో సాధించాడు. తొలి ప్రయత్నాలనాడే ఆయన తల్లి దానికి చీపురు స్వగతం అని పేరు పెట్టింది. అమ్మలు ఎక్కడైనా ఒకటే!

మన హైదరాబాదుకి పేరు తెచ్చిన రాజా దీన్‌దయాళ్ కూడా ఇంజనీరింగు చదివినవాడే. రూర్కీలో థామసన్ కాలేజీలో చదివి, 1866లో ఇందోరులో ప్రజాపనుల శాఖలో చేరాడు. 1874 ప్రాంతంలో కెమేరా పట్టి, ఏళ్లతరబడి ఉద్యోగం చేస్తూనే ఫొటోలు తీశాడు. ఆ తరవాత సికింద్రాబాదులో స్టూడియో పెట్టి ఆరో నిజాము కొలువులో ఫొటోగ్రాఫరయ్యాడు. ఆయన తీసినవి లేకపోతే ఆనాటి హైదరాబాదు మొహం మనకి తెలిసేది కాదు. అయితే ఆయన ముందు ఎక్కువగా కూర్చున్నది రాజులు, దొరలు. మామూలు మనుషుల్ని ఎవరు తీస్తారు?

స్విండన్‌లో ఆ పని విలియం హూపర్ చేశాడు. రైల్వే కర్మాగారంలో పనిచేస్తూ ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, ఫొటోలతో బతుకుతెరువు వెతుక్కున్నవాడు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల స్విండన్ వీధులు, దుకాణాలు, ఊరేగింపులు, కర్మాగారం విడిచాక బయటికి వచ్చే జనం, అన్నీ ఆయన తీసిన ఫొటోల్లో మిగిలాయి. 1843లో మొదలైన ఆ కర్మాగారం 1986లో మూతపడింది. ఇప్పుడు దాని గోడల మధ్య దుకాణాలు, ఒక మ్యూజియం ఉన్నాయి. హూపర్ తన ఊరిని తీస్తున్నప్పుడు ఇందులో ఏముంది అన్నవాళ్లు ఉండే ఉంటారు. ఈనాడు ఊరు తన ముత్తాతల్ని వెతుక్కునేది అలాంటి ఫొటోల్లోనే.

ఇప్పుడు మన సంగతి. మన సంఘాల సావనీర్లు తిరగేయండి. వేదిక మీద శాలువాలు, జ్యోతి వెలిగిస్తున్న చేతులు, పట్టుచీరల వరస. తప్పు లేదు, అవీ కావాలి. కాని ఉగాదినాడు అద్దెహాలు వెనక వంటగదిలో రెండొందల మందికి పులిహోర కలుపుతున్న చేతులేవి? వేపపువ్వు దొరక్క పచ్చడికి ఏంచేద్దామని ఫోనులో వాదించుకున్న మొహాలేవి? ఆరునెలల వీసామీద వచ్చి, భాష రాని వీధిలో మనవణ్ణి బడికి నడిపించుకెళుతున్న తాతగారేరీ? రాత్రి పన్నెండింటికి ఇండియా జట్టుతో కాల్‌లో ఉన్న మనిషి, పక్కన చల్లారిన అన్నం పళ్లెం ఏవి? ఈ దేశంలో మన మొదటితరం బతుకు ఇదే. దీన్ని తీయడానికి ఏ హూపరూ రాడు. ఆ తాతగారు మళ్లీ ఏడాది రావచ్చు, రాకపోవచ్చు. పిల్లవాడి ఎత్తు గోడమీద గీతగా మిగులుతుంది గాని, ఆ గీత దగ్గర నిలబడ్డ పిల్లవాడు మిగలడు.

అందుకని కొత్త లెన్సు కొనక్కర్లేదు, సెలవు పెట్టి కొండలెక్కనక్కర్లేదు. ఈ శనివారం కెమేరా కిందికి దించి, బ్యాటరీ ఛార్జికి పెట్టండి. మొదటి ఫొటో ఎవరికి పంపాలో ముందు నిర్ణయించుకోండి. తరవాత ఇంట్లో కిటికీ ఉన్న గదిలోకి వెళ్లి, అక్కడ ఉన్నవాళ్లని కాస్త వెలుతురువైపు తిరగమనండి. మిగతా ముప్ఫయ్యైదూ వాటంతటవే దారి చూసుకుంటాయి.